ఒకే బాయి, రెండు మస్టర్లు

2025 దసరాకు ముందు సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించినప్పుడు రెండు అంకెలు ఒకే వార్తలో వచ్చాయి. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500. మొదటివాళ్లు సుమారు 41 వేలమంది, రెండోవాళ్లు 30 వేలమంది. పంచింది మొత్తం 819 కోట్లు. కాగితం మీద కూడి చూస్తే కాంట్రాక్టు వాళ్లందరికీ కలిపి దక్కింది పదహారున్నర కోట్లు. పంపకానికి కూర్చున్న వాళ్లలో నూటికి 42 మంది, వాళ్ల చేతికొచ్చింది నూటికి రెండు రూపాయలు.

గోదావరిఖనిలో ఈ లెక్క చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. లక్ష్మీనగర్‌లో బంగారం దుకాణాల ముందు నిలబడ్డవాళ్లకు తెలుసు, చౌరస్తాలో చాయ్ తాగుతూ చూస్తున్నవాళ్లకూ తెలుసు. పైగా ఈ రెండు రకాల వాళ్లు రెండు వేర్వేరు ఊళ్లలో ఉండరు. ఒక్కోసారి ఒకే ఇంటి అన్నదమ్ములు, మామా అల్లుళ్లు. ఈ సంవాదంలో మాట్లాడేది కూడా ఒక మేనమామ, ఆయన అక్క కొడుకు.

మామ 1984లో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు టబ్బులు నింపాడు. తర్వాత సపోర్ట్‌మన్‌గా పైకప్పు కింద దుంగలు నిలబెట్టాడు. 2019లో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే ఆయన కొలువు కారుణ్య నియామకం కింద కొడుక్కి వచ్చింది. అల్లుడి తండ్రీ బొగ్గుబాయి మనిషే. కాకపోతే వారసత్వ కొలువులు ఆగిపోయిన ఏళ్లలో మామూలుగా రిటైరయ్యాడు. అల్లుడు ఐటీఐ చదివి, ఇప్పుడు కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తే కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. వాళ్ల తేడాకి మూలం చదువూ కాదు, కష్టమూ కాదు. ఇద్దరు తండ్రులు కొలువు దిగిన సంవత్సరాల తేడా, అంతే.

మామ ఇంటి ముందు రేకుల పందిరి కింద మాట మొదలైంది.

"ఏంది అల్లుడా, మొఖం మాడ్చుకున్నవ్? నిరుడు అయిదు వేలు, ఈసారి అయిదు వందలు పెరిగినయ్ గదా," అన్నాడు మామ. ఎత్తిపొడుపే.

"నీ కొడుక్కి ఒక్క రోజు తాగిపించే ఖర్చు మామా అది."

"తాగుడు సంగతి వాని పెండ్లాం చూసుకుంటది. నువ్వు వాటా సంగతి మాట్లాడు. లాభం తేరగ రాలే. 90లల్ల కంపెనీ రెండుసార్లు బీఐఎఫ్‌ఆర్‌ల పడ్డది. ఖాయిలా కంపెనీ అన్నరు. బాయిలు మూస్తమన్నరు. గప్పుడు ఎవడన్న వచ్చి 'నష్టంల నాకూ వాటా ఇయ్యుండ్రి' అన్నడా? మేం ఉన్నం. ఒడ్డుకేసినం. అందుకే లాభంల వాటా అడిగి తీసుకున్నం. అది దానం కాదు."

"కాదన్ననా? కానీ లెక్క చెప్పు. గప్పుడు కంపెనీల లక్షా పది వేలమందికి పైన ఉండె. ఇయ్యాల 41 వేలు. బొగ్గు తగ్గిందా? పెరిగింది. మరి మిగిలిన పని ఎవలు చేస్తున్నరు? దయ్యాలా?"

ఇక్కడ అల్లుడు కొంచెం ఎక్కువే అన్నాడని ఒప్పుకోవాలి. 1990ల మొదట్లో సింగరేణి ఏడాదికి రెండు కోట్ల టన్నుల అటూ ఇటూ తీసేది, 2024-25లో దాదాపు 6 కోట్ల 90 లక్షల టన్నులు తీసింది. మనుషులు మూడో వంతుకు దిగి, బొగ్గు మూడు రెట్లు పెరగడానికి పెద్ద కారణం ఓపెన్‌కాస్టు. షావెల్, డంపర్ చేసే పని తట్టా చెమ్మస్ ఎన్నటికీ చేయలేదు. అయినా ఊడ్చేది, మోసేది, బెల్టు శుభ్రం చేసేది, ఆస్పత్రిలో స్ట్రెచర్ నెట్టేది, క్వార్టర్ల మురికికాలువ తీసేది యంత్రం కాదు. ఆ పనులన్నీ కంపెనీ మస్టర్‌లోంచి కాంట్రాక్టరు మస్టర్‌లోకి మారాయి. పని అక్కడే ఉంది.

"సరే, 71 వేలమందికి సమానంగ పంచితే ఏమైతది?" అన్నాడు అల్లుడు. ఫోన్‌లో లెక్క ముందే వేసి పెట్టుకున్నాడు. "తలా లక్షా పదిహేను వేలు. మాకు లక్ష పైన వస్తది."

"మావోనికి ఎనభై వేలు పోతది."

"పోతది."

మామ కాసేపు బీడీ వెతుక్కున్నాడు. దొరకలేదు. ఆస్పత్రివాళ్లు మానమన్నాక అత్త దాచిపెడుతోంది.

"నా కొడుకు జేబుల చెయ్యి పెడితే నీకు సులువైతది. ఎందుకంటే వాడు నీకు కనవడ్తడు. కంపెనీకి పోయిన ఏడు వచ్చిన లాభం 6,394 కోట్లు. అండ్ల 4,034 కోట్లు ముందటి పనులకని పక్కన పెట్టినంకనే మిగిలిన 2,360 కోట్లల్ల మాకు 34 శాతం ఇచ్చిండ్రు. మీ 30 వేలమందికి ఇంకో లక్ష చొప్పున ఇయ్యాల్నంటే 300 కోట్లు. ఆ పక్కన పెట్టినదాంట్ల ఏడెనిమిది శాతం. కరెంటు సంస్థలు సింగరేణికి వేల కోట్లు బాకీ ఉన్నయ్. గది అడుగు. అది అడగవు. మామ కొడుకు ఎనభై వేలే నీ కండ్లల్ల పడ్తయ్."

ఈ మాటలో బలముంది. అసమానత గురించి మాట్లాడేవాళ్లు తరచూ పక్కింటి గోడ ఎత్తు కొలుస్తారు, దూరాన ఉన్న కోట కనపడదు. ప్యారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం, ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉంది. సింగరేణి పర్మినెంట్ కార్మికుడు ఆ ఒక్క శాతంలో లేడు. అయితే అల్లుడికి రోజూ ఎదురయ్యేది ఆ ఒక్క శాతం కాదు. అదే బెల్టు దగ్గర, అదే దుమ్ములో, అదే షిఫ్టులో నిలబడే మనిషి.

"పాణం లెక్క చెప్తా విను," అన్నాడు మామ. "2003 జూన్ 16. ఏడో ఎల్‌ఈపీ బాయిలకు నీళ్లు దూసుకొచ్చినయ్. 17 మంది. అండ్ల నాతోని పనిచేసినోళ్లున్నరు. శవాలు తీసేదాక ఊరు ఊరంత బాయి కాడనే ఉండె. ఆ పాణానికి కట్టిన ధర ఈ నౌకరి, ఈ బోనస్, ఈ కొడుకు కొలువు. నువ్వు పైన బెల్టు కాడ ఉంటవ్."

"2020 జూన్ 2 యాదికున్నదా మామా? ఓసీపీ-1. బ్లాస్టింగ్ చేస్తుంటే పేలింది. చచ్చిన నలుగురు కాంట్రాక్టోళ్లే. మందుగుండు మస్టర్ చూసి పేలుతదా?"

మామ తలూపాడు. వాదన ఓడిపోయినప్పుడు ఆయన తల ఊపడు. చచ్చిపోయినవాళ్ల పేరు వచ్చినప్పుడే ఊపుతాడు.

అల్లుడు ఆగలేదు. "2024ల పర్మినెంటోళ్లకు కోటి రూపాయల ప్రమాద బీమా వచ్చింది. మంచిదే. కానీ ఎట్లొచ్చింది? జీతం పెద్దది, మా బ్యాంకుల వేసుకోండ్రని బ్యాంకోడు ఇచ్చిండు. మాకూ ఏదో ఉన్నది, గంత లేదు. అంటే నా పాణం ధర నా జీతాన్ని బట్టి బ్యాంకోడు కడ్తుండు. ఇది న్యాయమంటవా?"

న్యాయమని మామ అనలేదు. ఆయన మాట మార్చాడు. అసలు గొడవ అక్కడే ఉంది కాబట్టి ఆ మార్పు మంచిదే అయింది.

"నీ కడుపుమంట బోనస్ కాదు అల్లుడా, నౌకరి. మావోనికి వచ్చింది, నీకు రాలే."

"అవును. దాని మీద కోర్టు ఏమన్నదో నీకు ఎర్కనే."

2016లో సింగరేణి వారసత్వ కొలువులు మళ్లీ తెరిచింది. తెలంగాణ ఉద్యమంలో ఈ కార్మికులు 2011 సకల జనుల సమ్మెలో 35 రోజులు బొగ్గు ఆపినవాళ్లు. ఈ కొలువులు వాళ్లకిచ్చిన మాట. ఒక నిరుద్యోగ యువకుడు ప్రజాహిత వ్యాజ్యం వేశాడు. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ప్రభుత్వ సంస్థలో కొలువు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తే రాజ్యాంగం చెప్పిన సమాన అవకాశానికి అర్థం ఏమిటన్నది ప్రశ్న. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చలేదు. తర్వాత అనారోగ్యం ప్రాతిపదికగా కారుణ్య నియామకాల దారి తెరిచారు. ఆ దారిలో నడవాలంటే తండ్రికి జబ్బు ఉండాలి, సర్వీసూ మిగిలి ఉండాలి. కొడుక్కి కొలువు రావాలని తండ్రికి జబ్బు రావాలని కోరుకునే ఏర్పాటును కరుణ అనడం ఎంత విడ్డూరమో కోల్‌బెల్టులో అందరికీ తెలుసు. మెడికల్ బోర్డు తేదీ దగ్గరపడితే దళారుల ఫోన్లు మోగుతాయన్న మాట కూడా.

"పుట్టుకతోని నౌకరి రావుడేంది?" అన్నాడు అల్లుడు. "దొరతనం పుట్టుకతోని వస్తే తప్పు, కార్మికతనం వస్తే ఒప్పా?"

"దొర కొడుక్కి గడీ వచ్చింది. నా కొడుక్కి వచ్చింది గడీ కాదు, బాయి. నా ఊపిరితిత్తుల దుమ్ము మీ కోర్టు కొలిచిందా? ముప్పై అయిదేండ్లు కింద పనిచేసి పైకొస్తే నాకు వచ్చే పెన్షన్ ఎంతో తెల్సా? జీతంల నాలుగో వంతు. 98ల పెట్టిన పథకం. ధరలు పెరిగినా అది పెరగదు. నాకంటే ముందు, 2000 అప్పుడు దిగినోళ్లల్ల వెయ్యి, రెండు వేలు తీసుకునేటోళ్లున్నరు. బాయిల ముసలోడు అయినోనికి సరైన పెన్షన్ పెట్టకపాయె. అందుకే కొడుకు కొలువే పెన్షన్ అయింది. కొలువు పీకేస్తమంటే, ముందు పెన్షన్ చూపెట్టుండ్రి."

ఇది మామ అసలు వాదన. బోనస్ మీద ఆయన మాట్లాడినదంతా ఒకెత్తు, ఇది ఒకెత్తు. ముసలితనానికి దేశం ఏ ఏర్పాటూ సరిగా చేయనప్పుడు మనిషి దొరికిన కొలువునే ఆస్తిలా పట్టుకుంటాడు. దాన్ని పిల్లలకు రాసివ్వాలని చూస్తాడు. వారసత్వ కొలువును తప్పుపట్టడం తేలిక. దాని అవసరం పుట్టించిన 1998 నాటి పింఛను పథకాన్ని సరిచేయడానికి మాత్రం ఏ వ్యాజ్యమూ ఇంతవరకూ సరిపోలేదు.

"అందుకే అంటున్న," అన్నాడు అల్లుడు. "కొలువుకు ముడేసిన ఆసరా కొలువున్నోనికే. మా అమ్మకు సర్కారు పెన్షన్ ఇస్తది, మస్టర్ అడగదు. బియ్యం ఇస్తది. బస్సు ఫిరీ. ఆరోగ్యశ్రీ పది లక్షలు చేసిండ్రు. అట్లాంటివి గట్టిగ చెయ్యాలె. అందరికీ."

లోపలినుంచి అత్త వచ్చింది. "మొన్న ఆడిబిడ్డ ఇంటికి పోతే రేషన్ సన్నబియ్యమే వండింది. మనం కొనేటియి కంటే మంచిగున్నయ్. మన కోడలికి కార్డు లేకపాయె," అని, ఇద్దరికీ చాయ్ పెట్టి, "బోనస్ వచ్చిన నాడే గిరిగిరి వడ్డీలోడు వచ్చి కూసున్నడు. మావోని ఏటీఎం కార్డు వాని జేబులనే ఉండె," అని కొడుకు సంగతి బయటపెట్టి పోయింది. మామకు ఆ మాట నచ్చలేదు.

2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కిలో యాభై చొప్పున వేసినా నెలకు 1,200 రూపాయలు మిగిలినట్టు. కాంట్రాక్టు జీతంలో అది చిన్న మొత్తమేమీ కాదు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలో తెలంగాణ 2015-16లో 13.18 శాతం ఉండి 2019-21 నాటికి 5.88 శాతానికి దిగింది. అల్లుడి వాదనకు ఇలాంటి అంకెలు తోడున్నాయి.

మామ వాటిని లెక్కచేయలేదు. "ఆసరా పెన్షన్ 2,016 ఎప్పుడు చేసిండ్రు? 2019ల. ఇయ్యాల 2025. పెరిగిందా? నాలుగు వేలు ఇస్తమని గెలిచిండ్రు. ఇయ్యకపోతే మీ అమ్మ ఏం చేస్తది? ఎవని మీద కేసు వేస్తది? మా వేజ్‌బోర్డు చూడు. పదకొండోది. 19 శాతం పెంచి సంతకం పెట్టిండ్రు. లేటయింది, కానీ 2023ల ఎరియర్స్ 1,450 కోట్లు వచ్చినయ్, మనిషికి 3 లక్షల 70 వేల దాక. ఎందుకు? సంతకం ఉన్నది, సంఘం ఉన్నది. ఇయ్యకపోతే బాయి బంద్. సర్కారు ఇచ్చేది ఎలక్షన్‌కు ఎలక్షన్‌కు మారుతది. పోరాడి రాయించుకున్నది మారదు."

"మరి మేం పోరాడలేదా?" అల్లుడి గొంతు లేచింది. "2022 సెప్టెంబరుల 18 రోజులు సమ్మె చేసినం. కోల్ ఇండియాల కాంట్రాక్టోళ్లకు ఇచ్చే హైపవర్ కమిటీ జీతం మాకూ ఇయ్యుండ్రని. 18 రోజులు జీతం లేదు, మస్టర్ లేదు. గప్పుడు మీ పర్మినెంటోళ్లు ఏం చేసిండ్రు? డ్యూటీకి పోయిండ్రు. ఇంక సర్కారు పథకం గురించి చెప్తా. పని పోతే ఊళ్లె ఉపాధి హామీ ఉన్నది. మన గోదావరిఖని రామగుండం కార్పొరేషన్‌ల ఉన్నది కాబట్టి ఈడ అదీ లేదు. పల్లె కాకపోయినందుకు పని అడిగే హక్కు లేదు, పర్మినెంట్ కానందుకు సరైన బోనస్ లేదు."

మొదటి ఆరోపణకు మామ దగ్గర జవాబు లేదు. రెండోది అందరూ గమనించాల్సింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పల్లెల కోసం కట్టింది. ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం, సింగరేణి చుట్టూ పేరుకున్న రామగుండం లాంటి పట్టణంలో కాంట్రాక్టు అయిపోయిన మనిషి నేరుగా అడ్డా మీదికి వస్తాడు. 1999లో ఇక్కడి పాత ఎరువుల కర్మాగారం మూతపడ్డప్పుడు ఈ ఊరు ఆ సంగతి చూసింది. కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది 2021లో. మధ్యలో ఇరవై ఏళ్లు పోయాయి.

"నేను నీ బోనస్ కొల్లగొట్టుమంటలేను మామా," అన్నాడు అల్లుడు, కాస్త తగ్గి. "ఇంకో దారి ఉన్నది. గోదావరిఖనిల మెడికల్ కాలేజీ వచ్చింది. సింగరేణి పైసలు. 500 కోట్లు అన్నరు. ఆ దవాఖానల మా అమ్మను చూపెట్టిన. పర్మినెంటా, కాంట్రాక్టా అని ఎవలూ అడగలే. బొగ్గు పైసలు గట్ల రావాలె. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. ఆ రాయల్టీల 30 శాతానికి సమానంగ ఖనిజ నిధికి కట్టాలెనని 2015ల చట్టం మార్చిండ్రు. గనులతోని నష్టపోయినోళ్ల కోసమే ఆ నిధి. దాంట్లకెల్లి ఈ బెల్టుల ఉన్న ప్రతి ముసలోనికి పెన్షన్ పెట్టు. నీకూ వస్తది, మా అమ్మకూ వస్తది."

"ఆ నిధితోని రోడ్లు ఏస్తరు, కమ్యూనిటీ హాలు కడ్తరు. శిలాఫలకం మీద పేరుండే పనే చేస్తరు. పెన్షన్ మీద ఎవని పేరు రాస్తరు?"

ఈ ఒక్క మాటకు ఇద్దరూ నవ్వారు.

బొగ్గు ఎల్లకాలం ఉండదన్న ఎరుక ఇద్దరికీ ఉంది. ఉండే కాలంలోనూ మనుషులతో పని తగ్గుతుందనీ తెలుసు. జర్మనీలో రూర్ ప్రాంతపు చివరి గని 2018 డిసెంబరులో మూతపడింది. అక్కడ దశాబ్దాల ముందునుంచే లెక్కలు వేసుకుని, ఎవరినీ బలవంతంగా రోడ్డున పడేయకుండా, ముందస్తు పింఛన్లతో మెల్లగా దించుకుంటూ వచ్చారు. ఖర్చు ప్రభుత్వమూ పెట్టుకుంది. ఇక్కడ కూడా మనుషులను దించుతూనే ఉన్నారు. పద్ధతి వేరు. పర్మినెంట్ మనిషి రిటైరవుతాడు, ఆ ఖాళీలో కాంట్రాక్టు మనిషి వస్తాడు, అతని వెనక ఏ పూచీ ఉండదు. ఇదిలాగే సాగితే మామ గర్వపడే ఏర్పాటు ఎవరూ రద్దు చేయకుండానే, దాని కిందికి వచ్చే పేర్లు అయిపోయి ఆగిపోతుంది. ఈ విషయంలో అల్లుడిదే పైచేయి. కానీ అల్లుడు కోరే ఏర్పాటును నిలబెట్టేది మామ నమ్మే సమ్మె తప్ప మరొకటి ఇంతవరకూ కనపడలేదు.

"నిజం చెప్పు," అన్నాడు మామ. "రేపు కంపెనీ కాంట్రాక్టోళ్లను పర్మినెంట్ చేస్తమని నోటిఫికేషన్ ఇస్తే నువ్వు అప్లికేషన్ పెట్టవా?"

"పెడ్త."

"మరి నీ కొడుక్కి కావాలనవా?"

అల్లుడు జవాబు చెప్పడానికి కొంచెం టైమ్ తీసుకున్నాడు. "అంట. అందుకే ముందే పెన్షన్ అడుగుతున్న. అది ఉంటే అనను."

2001లో సుప్రీంకోర్టు ఉక్కు సంస్థ కేసులో కాంట్రాక్టు విధానం రద్దయినంత మాత్రాన కార్మికులు దానంతటదే పర్మినెంట్ అయిపోరని తేల్చింది. 2016లో మరో కేసులో, ఒకే పని చేస్తే తాత్కాలిక ఉద్యోగులకూ సమాన వేతనం ఇవ్వాలంది. రెండో తీర్పు గురించి అల్లుడికి తెలుసు, ఫోన్‌లో దాచుకున్నాడు. మొదటిదాని గురించి మామకు తెలుసు, సంఘం ఆఫీసులో విన్నాడు. ఎవరికి పనికొచ్చే తీర్పు వాళ్ల దగ్గరుంది.

"నేనొక మాట అంటా," అన్నాడు మామ చివరికి. "గుర్తింపు సంఘం ఎలక్షన్ 2023 డిసెంబరుల అయింది. ఓట్లేసింది మా పర్మినెంటోళ్లమే. మీ 30 వేలమందికీ ఓటు ఉండాల్నంటే నేను ఒప్పుకుంట. సంఘం మీటింగ్‌ల లేచి చెప్త కూడా. బోనస్ మాత్రం ముట్టనియ్య."

"30 వేల ఓట్లు మాకొస్తే, బోనస్ నిన్నెందుకు అడుగుతం మామా? వచ్చే ఏడు పంపకం కాడ మేమే కూసుంటం."

మామ అత్తను పిలిచి, బీడీకట్ట ఎక్కడ దాచావని అడిగాడు.